డబ్బా పొయ్యి మీద బంతి భోజనం

మా తాతగారి కాలంలో మా ఇంట్లో పొయ్యి అంటే నేలలో తవ్వినది. పెరట్లో పొడుగునా గాడిపొయ్యి, దాని మీద వరసగా గుండిగలు, ఒక్కో గుండిగ దించడానికి ఇద్దరు మనుషులు. నేను చేసుకున్న పొయ్యి బరువు నూట అరవై గ్రాములు. అన్నం గిన్నెలో ఇమిడిపోతుంది. ఆ గిన్నెని వీపుసంచిలో వేసుకుని కొండెక్కితే మోస్తున్నట్టే ఉండదు. రెండూ మా ఇంటి పొయ్యిలే. మొదటిదాని గురించి చెప్పుకుని రెండోదాన్ని దాచుకునే అలవాటు నాకు లేదు.

ఊళ్లో మా ఇంటిని దివాణం అనేవారు. ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, భూములూ లేవు. రాజమండ్రిలో మేడమీద రెండు గదుల వాటాలో నేనూ మా ఆవిడా ఉంటున్నాం. దీని గురించి ఎవరైనా జాలిగా మాట్లాడబోతే నేను వాతావరణం గురించి మాట్లాడతాను. మేం అమ్ముకున్నాం, కొనగలిగినవాళ్లు కొన్నారు. నిటారుగా నడవడం నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను. అది ఇంకా నా దగ్గరే ఉంది.

నడకంటే గుర్తొచ్చింది. ఏటా వానలు వెనకపట్టాక ఆరుగురం కలిసి మారేడుమిల్లి వైపు కొండల్లో రెండు మూడు రోజులు నడిచి వస్తాం. అందరం యాభై దాటినవాళ్లమే. మా బావమరిది ఉంటాడు, అంటే మా ఆవిడ తమ్ముడు, కొవ్వూరులో మందుల షాపు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరరు గారు ఉంటారు. ఆయన స్నేహితులు ఇద్దరు, మాట తక్కువ, నడక ఎక్కువ. ఆరో మనిషి రొయ్యల చెరువుల ఆయన. మా పాత పొలాల్లో చాలా భాగం ఇప్పుడు ఆయన చెరువులే. మంచి మనిషి. నన్ను ఇప్పటికీ బాబుగారూ అనే పిలుస్తాడు. వెటకారంగా కాదు, అలవాటుగా.

ఈ ఐదుగురి ఇళ్లలోనూ నేను భోజనం చేశాను. గృహప్రవేశాలకి, నోములకి, ఏ సందర్భం లేకుండా కూడా. చెరువులాయన ఇంట్లో అయితే పులస చేప దొరికినప్పుడల్లా కబురొస్తుంది. కానీ ఈ వాటాలోకి వచ్చాక వాళ్లలో ఒక్కరూ నా ఇంట్లో తిన్నది లేదు. మా ముందుగదిలో రెండు విస్తళ్లు వేస్తే మూడోది గుమ్మంలో పడుతుంది. పిలవడానికి చోటు లేని ఇంటికి ఎవరినీ పిలవలేం కదా. అందుకని ఒక ఏడాది, కనీసం కొండ నడకలోనైనా వాళ్లందరికీ నా చేత్తో కడుపునిండా ఒక పూట పెట్టాలనుకున్నాను. తినడమే తప్ప పెట్టడం లేని మనిషిగా మిగిలిపోవడం నాకు ఇష్టం లేదు.

అంతవరకు కొండ మీద తిండి బాధ్యత మా బావమరిదిది. అతని దగ్గర గుప్పెడంత గ్యాస్ స్టవ్వు ఉంది, దానికి బిగించే చిన్న సిలిండరు ఉంది, వేడినీళ్లు పోస్తే ఉప్మా అయిపోయే పొట్లాలు ఉన్నాయి. ఆ ఉప్మా తిన్నవాళ్లెవరూ ఇంకాస్త అడగరు. నేను కబురు చేశాను, ఈసారి భోజనం నాది, నువ్వు పొట్లాలు తేవద్దు అని. అతను వెంటనే ఫోన్ చేశాడు.

"దేని మీద వండుతారు బావగారూ?"

"పుల్లల మీద."

"అడవిలో నేల మీద మంట వెయ్యనివ్వరు కదండీ."

"నేల మీద వెయ్యను. డబ్బాలో వేస్తాను. బూడిద కూడా నాతోనే తిరిగొస్తుంది."

"సరేనండి. నా స్టవ్వు ఎలాగూ సంచిలో ఉంటుంది. అదేం తిండి అడగదు."

పొయ్యి చెయ్యడానికి నెల పట్టింది. ఇందులో రహస్యం ఏమీ లేదు. పెద్ద డబ్బాలో చిన్న డబ్బా. రెంటి మధ్యా వేలు పట్టేంత ఖాళీ. పెద్ద డబ్బాకి అడుగున చుట్టూ బెజ్జాలు, చిన్నదానికి అడుగునా, పై అంచు కిందా బెజ్జాలు. చిన్న డబ్బాలో పుల్లలు నింపి పైనుంచి వెలిగించాలి. కిందనుంచి లోపలికొచ్చిన గాలి రెండు గోడల మధ్య వేడెక్కి పైకెక్కుతుంది. పై బెజ్జాల్లోంచి అది దూకి పుల్లల పొగని కూడా కాల్చేస్తుంది. సరిగ్గా కుదిరితే పొగ ఉండదు, గిన్నెకి మసి దాదాపు అంటదు. బెజ్జాలు పెద్దవైతే పుల్లలు గడ్డిలా మండిపోతాయి. చిన్నవైతే మంట ఊపిరాడక పొగ కక్కుతుంది. అది కుదరడానికే నెల పట్టింది.

పెద్ద డబ్బా పెయింటుది. చిన్నది ఒకరోజు వంటింట్లోంచి తీసుకున్నాను.

"ఏవండీ, పాలపొడి గ్లాసులో పోసి ఉందేంటి?" అంది మా ఆవిడ.

"డబ్బా కావలసి వచ్చింది."

"గ్లాసులో పాలపొడి గడ్డ కడుతుంది."

"కట్టాక డబ్బా తిరిగిస్తాను."

"అడుగంతా బెజ్జాలు పొడిచిన డబ్బా నాకెందుకండీ. కందిపప్పు డబ్బా జోలికి మాత్రం రావద్దు." అని లోపలికి వెళ్లింది. ఆ సాయంత్రం తనే పాత ఇస్త్రీపెట్టె పక్కనుంచి మంచి పదునున్న రేకు కత్తెర వెతికి తెచ్చి నా పక్కన పెట్టింది.

గిన్నె నిలబడటానికి సైకిల్ చువ్వలు వంచి మూడు కాళ్లు చేశాను. గాలి అడ్డుకి ప్రింటింగ్ ప్రెస్సులో వాడి పక్కన పడేసే పల్చటి అల్యూమినియం రేకు తెచ్చాను. దాని మీద ఎవరిదో పెళ్లి శుభలేఖ ఇంకా చెరగలేదు. ముహూర్తం కూడా చదువుకోవచ్చు. గిన్నె సంగతే కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. విదేశాల్లో నడిచేవాళ్లు లావుపాటి బీరు డబ్బాని పైన కోసేసి గిన్నెలా వాడతారని, అంత తేలికది ఇంకోటి లేదని ఫోన్లో చూసి మా బావమరిదే చెప్పాడు.

"మీరు తాగక్కర్లేదు బావగారూ. మేం తాగి పెడతాం."

మా వంశంలో తాగినవాళ్లు ఉన్నారు, ఖాళీ డబ్బా ఏరుకున్నవాళ్లు లేరు. బజారులో ముప్పాతిక లీటరు పట్టే సత్తు గిన్నె కొని, దాని పిడి తీసేసి, అంచు కోసి అరగదీసి, చువ్వతోనే మడిచే పిడి పెట్టాను. మూతకి బిస్కట్ల డబ్బా మూత సరిపోయింది.

బరువు తూచుకోవాలి. ఇంట్లో త్రాసు లేదు. మెయిన్ రోడ్డులో మాకు తెలిసిన బంగారం షాపుకి వెళ్లి కౌంటరు మీద పెట్టాను. షాపు యజమాని లేచి నిలబడి, దాన్ని రెండు చేతులతో అందుకుని, తలుపు మూసిన గాజుపెట్టెలోని త్రాసు మీద పెట్టి గ్రాములు చదివాడు. అదేంటని అడగలేదు. ఆ త్రాసు మీదకి మా ఇంటినుంచి చాలా వెళ్లాయి. తిరిగి ఇంటికి వచ్చింది ఇదొక్కటే. నేను దాన్ని చేతిరుమాలులో చుట్టుకుని నడిచి వచ్చాను.

మేడమీద పరీక్షలన్నీ నెగ్గింది. సరుగుడు పుల్లలతో, పైన ఒక కర్పూరం బిళ్ల వెలిగిస్తే పావుగంటలో ఇద్దరికి అన్నం. మా ఆవిడా నేనూ తిన్నాం, మెతుకు మెతుకు విడివిడిగా ఉంది. పెద్ద గిన్నె పెడితే పొయ్యి ఒరిగిపోతుంది కాబట్టి అదే గిన్నెతో మూడు వాయిలు. ఇద్దరు చొప్పున మూడు వాయిలంటే ఆరుగురు. లెక్క సరిపోయింది.

మొదటిరోజు సాయంత్రం వాగు పక్కన ఇసుకలో దిగాం. అందరూ సంచులు దించుకోగానే పుల్లలు ఏరడానికి లేచారు. నేను కూర్చోమన్నాను. భోజనానికి పిలిచినవాడు తినేవాళ్లతో పని చేయించడు. నేనే వెదురు పుల్లలు ఏరాను, నేనే వేలెడంత ముక్కలుగా విరిచాను, నేనే నీళ్లు తెచ్చాను. దారిలో అడ్డాకులు దొరికితే లెక్చరరు గారు సరదాగా కుట్టబోయారు. అవీ ఆయన చేతిలోంచి తీసుకుని నేనే కుట్టాను. ఐదు విస్తళ్లు వరసగా వేశాను. మా బావమరిది చెరువులాయనతో, "మా బావగారు పిలిస్తే మనం పెళ్లివారమేనండి," అన్నాడు. అందరూ కాళ్లు కడుక్కొచ్చి బంతిలో కూర్చున్నారు.

మొదటి వాయి చక్కగా కుదిరింది. చెరువులాయనకీ లెక్చరరు గారికీ వడ్డించాను. వేడన్నం, కందిపొడి, నెయ్యి, పక్కన ఆవకాయ. రెండో వాయి ఎక్కించి వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"కానివ్వండి," అన్నాను.

"అందరికీ పడనివ్వండి బాబుగారూ," అన్నాడు చెరువులాయన.

"చల్లారిపోతుందండి."

"ఆయ్, పర్వాలేదండి."

అప్పుడు అర్థమైంది నాకు, నా లెక్కలో ఏం తక్కువైందో. బంతిలో చివరి విస్తరిలో పడేదాకా మొదటివాడు ముద్ద ఎత్తడు. మా వైపు ఏ చిన్న పిల్లాడినడిగినా చెబుతాడు. పుల్లలు లెక్కపెట్టాను, నీళ్లు లెక్కపెట్టాను, గ్రాములు లెక్కపెట్టాను. మా మేడమీద ఇద్దరమే కాబట్టి ఇది తట్టలేదు. ఇక్కడ మూడో వాయి దిగేదాకా మొదటి విస్తళ్లు ఎదురుచూడాలి. అడవిలో మసకపడ్డాక కొండగాలి చల్లగా ఉంటుంది. నెయ్యి తెల్లగా పేరుకుంది. వాయికీ వాయికీ మధ్య పుల్లలు విరవాలి, మంట చూడాలి, ఎసరు చూడాలి, వడ్డించాలి. నాకున్నవి రెండు చేతులు. మా బావమరిది రెండుసార్లు లేవబోయాడు. రెండుసార్లూ కూర్చోమన్నాను.

అందరూ తిన్నారు. విస్తళ్లలో ఒక్క మెతుకు వదల్లేదు. అది మర్యాద. ఆకలి కాదు. చేతులు కడుక్కున్నాక మా బావమరిది సంచిలోంచి గ్యాస్ స్టవ్వు తీసి, ఆరుగురికీ టీ పెట్టాడు. స్టవ్వు బుస్సుమంది, నీళ్లు మరిగాయి. గ్లాసుల్లోంచి ఆవిర్లు లేచాయి. టీ గురించి అందరూ మాట్లాడారు. అల్లం బాగా పడిందన్నారు. భోజనం గురించి ఎవరూ మాట్లాడలేదు.

మా బావమరిది నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి అన్నాడు. "రేపటినుంచి నేను చూసుకుంటాను బావగారూ. మీకెందుకీ శ్రమ. పెద్దవారు, మీరు కూర్చోండి."

అతను ప్రేమగానే అన్నాడు. కానీ కూర్చుంటే ఇక ఆ తర్వాత ఏ కొండ మీదైనా, ఏ ఇంట్లోనైనా కూర్చోవడమే నా పని అవుతుంది.

"రేపు మధ్యాహ్నం నాది," అన్నాను. "అదీ కుదరకపోతే ఆ తర్వాత నువ్వు చెప్పినట్టే."

"పొట్లాలు రెండు తెచ్చానండి, ఎందుకైనా మంచిదని."

"తేవద్దన్నాను కదా."

"అందుకే రెండే తెచ్చాను."

మర్నాడు పొద్దున్నంతా నడుస్తూ ఆలోచించాను. పొయ్యిలో తప్పు లేదు. గిన్నెలో తప్పు లేదు. బంతిలో కూడా తప్పు లేదు. అందరితో కలిసి తినాలనుకోవడం తప్పెలా అవుతుంది. మూడూ మంచివే, మూడూ ఒకదానికొకటి పొసగడం లేదు. దించిన అన్నం వేడి నిలవడానికి ఆకులో పెట్టి తువ్వాలులో చుడదామా అనుకున్నాను. అన్నం మెత్తబడిపోతుంది. ముందు ఐదుగురికీ వండి ఒకచోట పోద్దామా అనుకున్నాను. ఏ చోట? మోసుకొచ్చినది ఒక్కటే గిన్నె. మధ్యాహ్నం మళ్లీ వాగు తగిలింది. పెద్ద బండరాళ్ల మధ్య గాలి రాని చోట ఆగాం. నా మనసులో ఇంకా జవాబు లేదు. అయినా పొయ్యి వెలిగించాను.

ఆ పూట పులగం. బియ్యం, పెసరపప్పు, మిరియాలు, జీలకర్ర. గిన్నె ఉడుకుతుంటే అందరూ పొయ్యి చుట్టూ రాళ్ల మీద చేరారు. విస్తళ్లు ఇంకా వెయ్యలేదు. పప్పు ఉడికిందో లేదో చూడటానికి గరిటె కొసతో కొంచెం తీసి, దగ్గరగా ఉన్న చెరువులాయనతో, "చూడండి," అన్నాను. ఆయన అరచెయ్యి పట్టాడు. వేశాను. ఊదుకుని నోట్లో వేసుకున్నాడు.

"ఉడికిందండి. ఇంకాస్త వేస్తే గట్టిగా చెబుతాను."

పక్కనుంచి లెక్చరరు గారు కూడా చెయ్యి చాపారు, "నేనూ చూస్తాను," అంటూ. ఆయన వెనక ఆ మాట్లాడని ఇద్దరూ చేతులు పట్టారు. గిన్నె చుట్టూ నాలుగు అరచేతులు ఒకేసారి.

అక్కడ ఆగి ఆ చేతుల్ని చూశాను. మా ఇంటికి వచ్చినవాళ్లకి సావిట్లో బంతులు వేసి వడ్డించింది మగవాళ్లు. వెనక వంటింటి వసారాలో పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని, అన్నమంతా ఒకేచోట కలిపి, తలా ఒక ముద్ద చేతిలో పెట్టింది ఆడవాళ్లు. ఆ చుట్టులో ఎవరూ ఎవరికోసమూ ఆగక్కర్లేదు. ఒక గిన్నెడు అయిపోతే ఇంకో గిన్నెడు వస్తుంది. ముద్ద వేడి చల్లారకముందే నోట్లో ఉంటుంది. అతిథులకి అలా పెట్టడం మా ఇంట్లో నేను ఎన్నడూ చూడలేదు. పెట్టకూడదని ఎవరూ చెప్పలేదు కూడా.

"విస్తళ్లు వద్దు," అన్నాను. "అందరూ చేతులు కడుక్కుని ఇలా చుట్టూ కూర్చోండి."

గిన్నె దించి, మూతలోకి సగం పులగం తీసి, నెయ్యి వేసి, ఆవకాయ కారం వేసి చేత్తో కలిపాను. చెయ్యి కాలింది. కాలనిచ్చాను. నిమ్మకాయంత ముద్ద చేసి చెరువులాయన అరచేతిలో పెట్టాను. తర్వాత లెక్చరరు గారికి, ఆ ఇద్దరికి, చివర మా బావమరిదికి. ఐదుగురి చేతుల్లోనూ ఆవిరి లేచే ముద్ద ఉంది. ఎవరికీ ఎవరికోసమూ ఆగాల్సిన పని లేకపోయింది. ఒక్కసారే తిన్నారు.

"ఏంటి బావగారూ, మమ్మల్ని చంటిపిల్లల్ని చేసేశారు," అన్నాడు మా బావమరిది, నోట్లో ముద్దతోనే.

"చంటిపిల్లలు ఇంత మాట్లాడరు. చెయ్యి పట్టు."

రెండో వాయికి ఎసరు పెట్టాలి. నా కుడిచెయ్యంతా నెయ్యీ అన్నమూ. ఆ చేత్తో పుల్ల ముట్టుకోను, ఎడమచేత్తో గిన్నె పట్టుకోవాలి. ఒక్క క్షణం ఆలోచించి బావమరిది వైపు చూశాను. అతను అప్పటికే పుల్లల కట్ట ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఒకేసారి కుక్కెయ్యకు," అన్నాను. "రెండేసి. చువ్వల సందులోంచి. మంట పైనున్న బెజ్జాల్లోంచి రావాలి, కిందనుంచి కాదు."

అతను రెండు పుల్లలు వేశాడు, వంగి చూశాడు, ఇంకో రెండు వేశాడు. పై బెజ్జాల్లోంచి నీలం మంట చుట్టూ పూలదండలా లేచింది.

"దీనికి మాటిమాటికీ ఆకలేనండీ. మా స్టవ్వు ఒకసారి తిప్పితే చాలు."

"అందుకే దాని దగ్గర ఎవరూ కూర్చోరు," అన్నారు లెక్చరరు గారు.

మూడో వాయి అయింది, నాలుగోది కూడా అయింది. లెక్చరరు గారు పుల్లలు విరిచి ఇస్తున్నారు. ఆ ఇద్దరిలో ఒకాయన వాగులోంచి నీళ్లు తెచ్చాడు. నేను కూర్చోమనలేదు. వాళ్లు పని చేస్తున్నట్టు నాకు అనిపించలేదు. తినడంలో అదొక భాగంలా ఉంది. చెరువులాయన ప్రతిసారీ ఎడమచెయ్యి కుడిచేతి కింద పట్టి, తల కొంచెం వంచి ముద్ద అందుకున్నాడు. వాళ్లింట్లో పులస వడ్డించినప్పుడు నాకు ఇంకొంచెం, ఇంకొంచెం అని వేస్తూ ఆయన ఎంత సంతోషంగా ఉంటాడో ఆరోజు తెలిసింది. అది వడ్డించేవాడికే తెలిసే సంగతి.

ఐదో గిన్నె దిగాక మా బావమరిది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇది మీదండీ. మేం ముట్టుకోం."

మిగతావాళ్లూ చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. కలిపి, మొదటి ముద్ద నా నోట్లో పెట్టుకున్నాను. వేడిగా ఉంది, మిరియాలు గుప్పుమన్నాయి, పప్పు వెన్నలా ఉడికింది. ఉప్పు తక్కువైంది. నాలుగు వాయిలనుంచీ తక్కువే అయి ఉండాలి.

"ఉప్పు చాలలేదని ఎవరూ చెప్పలేదేం?"

చెరువులాయన గొంతు సవరించుకున్నాడు.

"దివాణంలో భోజనానికి పిలిస్తే వచ్చి ఉప్పు చాలలేదంటామాండీ బాబుగారూ. ఆయ్, బాగుండదు కదండీ."

ఆ మాట ఆయన వెటకారంగా అనలేదు, జాలిగానూ అనలేదు. ఎవరి ఇంటికి భోజనానికి వెళ్లినా అనే మాటే అన్నాడు. నేను తినడం పూర్తి చేసి, ఉప్పు పొట్లం విప్పి, సంచిలో మిగిలిన బియ్యమూ పప్పూ గిన్నెలో పోసి మళ్లీ ఎసరు పెట్టాను. బావమరిది రెండు పుల్లలు అందించాడు. ఎవరూ లేవలేదు.